ఎవరిదీ కాని గ్లాసు

మా గొడ్ల సావిడికి ఒక చివర తడికెలు కట్టిన చిన్న గది ఉండేది. మామూలుగా అందులో చిట్టు బస్తాలు, పాత నాగలి సామాను పడేసేవారు. ఉప్పెన వచ్చిన రెండో ఏడు మాఘమాసంలో అవన్నీ బయట పెట్టి, నేల అలికి, అందులో నన్ను పెట్టారు.

అప్పటికి నేను డిప్లమా పూర్తిచేసి గుడివాడలో ఒక రైసు మిల్లులో ఇంజను చూసుకునే పనిలో ఉన్నాను. చేరిన కొన్నాళ్ళకే దగ్గు పట్టుకుంది. ఊక దుమ్ము అనుకున్నాను. తర్వాత సాయంత్రాలు జ్వరం, తెల్లారుజామున చెమట, ఒకరోజు రుమాల్లో నెత్తురు చార. బందరు పెద్దాసుపత్రిలో ఎక్సరే తీసి, కుడి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ చూపించారు. ఆ ప్లేటుని డ్రాయింగు షీటులాగా కిటికీకి ఆనించి చూశాను. పక్కటెముకలు స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. మచ్చ ఉన్నచోటు మాత్రం ఎవరో రబ్బరుతో రుద్ది రుద్ది వదిలేసినట్టుంది.

క్షయ అని డాక్టరుగారు చెప్పారు. ఇంటికి వచ్చాక అమ్మ దాన్ని నిమ్ము చేసింది. ఊళ్ళో ఎవరడిగినా, "చలిలో తిరిగాడండీ, నిమ్ము చేసింది" అనేది. అబద్ధం చెబుతున్నట్టు ఉండేది కాదు. కొన్నాళ్ళకి తనే నమ్మిందేమో కూడా తెలీదు. కారణం మా అక్క. అక్క తొలికాన్పుకి ఇంటికొచ్చి ఉంది. నేను మిల్లు మానేసి వచ్చేసరికి పురుడు వచ్చి పది రోజులు కూడా కాలేదు. ఆడపిల్ల. అక్క అత్తగారు మనవరాలిని చూడ్డానికి వచ్చి బారసాల దాకా ఉండిపోయింది. ఆవిడ చెవిన ఆ రోగం పేరు పడితే తల్లినీ పిల్లనీ ఆ పూటే బండెక్కిస్తుందనీ, ఇక జన్మలో పుట్టింటికి పంపదనీ అమ్మ భయం. ఆ భయంలో తప్పేమీ లేదు. ఆవిడ స్థానంలో ఉంటే అమ్మ కూడా అదే చేసేది.

నావి అని విడిగా పెట్టినవి ఇవి: ఒక కంచం, ఒక గ్లాసు, ఒక చెంబు, రెండు తువ్వాళ్ళు, నులకమంచం, దానిమీద బొంత, ఉమ్మడానికి బూడిద పోసిన డాల్డా డబ్బా. డబ్బాలో బూడిదని సాయంత్రం నేనే గడ్డివాము వెనక గోతిలో పోసి, ఎండు తాటాకు వేసి కాల్చేవాణ్ణి. కంచమూ గ్లాసూ నేనే తోముకునేవాణ్ణి. అమ్మ అన్నం తెచ్చి, గరిటె కంచానికి తగలకుండా పైనుంచి వడ్డించేది. కళ్ళు మాత్రం పక్కనున్న గేదె మీద ఉండేవి.

పొద్దున్నే పాలలో కొట్టిన పచ్చిగుడ్డు. మధ్యాహ్నం కొరమీను దొరికితే కొరమీను పులుసు, లేకపోతే పెసరకట్టు. వంకాయ, గోంగూర, రొయ్యలు కూడదు. అందులో ఏవి డాక్టరుగారు వద్దన్నవో, ఏవి అమ్మ కలిపిందో నేను విడగొట్టలేదు. విడగొట్టే ఓపిక లేదు.

ఓపిక సంగతి చెప్పాలి. అలసట అనేది పని చేసినవాడికి వచ్చేదని అంతకుముందు అనుకునేవాణ్ణి. ఆ గదిలో అది నాకంటే ముందు నిద్రలేచేది. చొక్కా గుండీలు పెట్టుకుంటూ సగంలో ఆగి కూర్చునేవాణ్ణి. కుండీ దగ్గర చెంబు ముంచుకుని గదికి రావడం ఒక పని. స్నానం ఇంకో పని. రెంటికీ మధ్య మంచం ఉండాలి. జ్వరం తగ్గిపోయింది, దగ్గు కూడా చాలావరకు తగ్గింది, ఒళ్ళు మాత్రం ఇంజను ఆపేశాక కూడా కాసేపు ఊగే మిల్లు నేలలాగా ఉండేది.

రోజూ పొద్దున కాంపౌండరు సైకిలు మీద వచ్చేవాడు. మా వంటింటి పొయ్యి మీద రేకుడబ్బాలో నీళ్ళు మరిగించి, అందులో సిరంజీ, సూదీ వేసి ఉడకనిచ్చేవాడు. గాజు సిరంజీ డబ్బా గోడలకి తగిలి టకటకమనేది. ఆ చప్పుడు వినగానే నా పిరుదు ముందే బిగుసుకునేది. సూది పొడిచిన కాసేపటికి మూతి చుట్టూ తిమ్మిరెక్కేది, చెవిలో సన్నగా ఈల వేసినట్టుండేది. తర్వాత మంచం.

అదే వేళకి ఇంట్లో పసిదానికి నీళ్ళు పోసేవారు. పోసేది పక్కన కాలనీ నుంచి వచ్చే ఒక ముసలావిడ. ఊళ్ళో పురిటి పిల్లలందరికీ ఆవిడే. అందరం మామ్మా అనేవాళ్ళం. పెరట్లో పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, పిల్లని ఆ కాళ్ళమీద బోర్లా పడుకోబెట్టి ఆముదం రాసి, సున్నిపిండితో రుద్ది, కాగులోంచి వేణ్ణీళ్ళు పోసేది. నాకు తడికె సందులోంచి మామ్మ వీపు, పక్కనుంచి పిల్ల అరికాళ్ళు కనిపించేవి. అంతే. మేనకోడలి మొహం నేను చూడలేదు. చూస్తానని ఎవరినీ అడగలేదు కూడా. పిల్ల కేర్‌మంటే మామ్మ సంతోషించేది.

"ఏడవ్వే, ఇంకా ఏడు. రొమ్ము విచ్చుకోవాలి. మీ మావయ్య పీల్చలేని గాలి కూడా నువ్వే పీల్చు" అనేది.

అది నాకు వినపడాలనే అనేదని అనుకునేవాణ్ణి. కోపం రాలేదు. కోపానికి కూడా కొంత ఊపిరి కావాలి.

ఇక గ్లాసు. అది స్టీలు గ్లాసు, మంచి బరువైనది. దానిమీద ఒక ఆడమనిషి పేరు చుక్కలతో కొట్టి ఉంది. పేరు చివర ఒక పువ్వు. మా వైపు గిన్నె కొంటే పేరు కొట్టించకుండా ఇంట్లోకి తీసుకెళ్ళేవాళ్ళు కాదు. పెళ్ళిళ్ళకీ, పేరంటాలకీ వీధిలో అందరి గిన్నెలూ కలిసిపోతాయి, పేరు చూసి ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యాలి. ఉప్పెన తర్వాత ఆ పేర్లకి ఇంకో పని పడింది. నీళ్ళు తీశాక చేలల్లో, ముళ్ళకంపల్లో, కాలవ బురదలో ఎక్కడ చూసినా గిన్నెలే. దొరికినవాళ్ళు తెచ్చి బడి వరండాలో వరసగా పెట్టేవారు. జనం వచ్చి వంగి వంగి పేర్లు చదువుకునేవారు. కొన్ని గిన్నెలకి మనుషులు రాలేదు.

ఈ గ్లాసు అప్పుడు దొరకలేదు. తర్వాత వేసవి దుక్కిలో మా చేలో నాగలికి తగిలి పైకొచ్చింది. అంచు దగ్గర నాగలి చేసిన సొట్ట ఉంది. నాన్న ఊళ్ళో నలుగురినీ అడిగాడు. ఆ పేరు గలవాళ్ళు చుట్టుపక్కల చాలామంది ఉండేవారు, పోయినవాళ్ళు కూడా చాలామందే. ఎవరూ మాదని రాలేదు. అమ్మ దాన్ని తోమి అటక మీద పెట్టింది. నన్ను సావిడిలో పెట్టినప్పుడు నాకు విడిగా ఒక గ్లాసు కావలసి వచ్చింది. ఇంట్లో గ్లాసులన్నీ ఎవరో ఒకరివి, ఒకదాని మీద నాన్న పేరు, ఒకదాని మీద తాతయ్య పేరు. అమ్మ అటకెక్కి ఇది దింపింది.

"ఇది ఎవరిదీ కాదు. దీంతో తాగు" అంది.

బారసాలకి నన్ను ఇంట్లో ఉండనివ్వలేదు. చుట్టాల మధ్య నేను దగ్గితే బాగుండదు. ఆ రోజే బందరు వెళ్ళి తెమడ పరీక్ష చేయించుకు రమ్మని అమ్మ చెప్పింది. మొదటి బస్సుకి వెళ్ళాను. పులిగడ్డ దాటాక సీటు దొరికింది. కిటికీ పక్కన కూర్చుని, రుమాలు మూతికి అడ్డం పెట్టుకుని, గాలి ఎదురుగా రాకుండా తల వెనక్కి తిప్పుకుని వెళ్ళాను.

ఆసుపత్రిలో వరండా నిండా నాలాంటివాళ్ళే. సముద్రం ఒడ్డు ఊళ్ళ నుంచి వచ్చిన చేపలవాళ్ళు, బందరులో రోల్డుగోల్డు పనిచేసే ఒక సాయిబుగారు, ఆయన పక్కన బురఖాలో ఆయన భార్య. ఆవిడ ఒక మూత ఉన్న గ్లాసు ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. అది ఆయనదేనని కాసేపటికి తెలిసింది. ఎందుకంటే ఆవిడ దాహమేసినా దాన్ని తెరవకుండా లేచి పంపు దగ్గరికి వెళ్ళి దోసిలితో తాగి వచ్చింది.

మధ్యాహ్నం దాటాక డాక్టరుగారు నా కాగితం చూసి, క్రిములు కనపడలేదన్నారు.

"కనపడలేదంటే లేవనా అండీ?" అని అడిగాను.

"కనపడలేదంటే కనపడలేదనే. సూదులు ఆపకు. నెల పోయాక మళ్ళీ రా."

ఆయన మాట నాకు నచ్చింది. కొలిచినంతవరకే చెప్పాడు. గిన్నెలు విడిగా ఉంచాలా అని కూడా అడగాలనుకున్నాను, ఈలోగా వెనకవాళ్ళు బల్ల దాకా వచ్చేశారు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలింది. పందిట్లో మా మేనత్త గిన్నెల గుట్ట ముందు కూర్చుని పేర్లు చదివి ఎవరి ఇంటివి వాళ్ళకి వేరు చేస్తోంది. అత్తయ్యది గుడివాడ. బారసాల కోసమే వచ్చింది. నాకు నిమ్మేనని ఆవిడ కూడా నమ్మింది. గదిలోకి వెళ్ళి చూస్తే కిటికీలో బోర్లించి వెళ్ళిన గ్లాసు లేదు. అత్తయ్యని అడిగాను.

"గ్లాసులు చాలలేదురా. కిటికీలో ఒకటి ఊరికే పడుంటే తెచ్చి తోమాను. నీళ్ళు పోసే మామ్మకి దాంట్లోనే కాఫీ ఇచ్చా. తాగి, అటూ ఇటూ తిప్పి, మా అమ్మాయిదమ్మా ఇది అని ఒకటే ఏడుపు. శుభమా అని తొట్లో పిల్లని వేస్తుంటే ఆ ఏడుపేంటని, తీసుకెళ్ళమ్మా తల్లీ అని పంపించేశా. ఎవరిదో గ్లాసేగా?"

అవునన్నాను. గదిలోకి వచ్చి మంచం మీద కూర్చున్నాను. అమ్మ చేతిలో పులిహోర కంచంతో వచ్చింది. పరీక్ష సంగతి చెప్పాను, గ్లాసు సంగతి చెప్పాను. రెండోది వినగానే మొదటిది మర్చిపోయింది. గొంతు బాగా తగ్గించి, రేపు తనే తెస్తానంది.

మర్నాడు పొద్దున్న మామ్మ వచ్చినప్పుడు అమ్మ ఆ ప్రయత్నం చేసింది. తడికె ఇవతల నేను వింటున్నాను. ఆ గ్లాసు కోసం ఎవరో వచ్చి అడిగారనీ, వాళ్ళది అంటున్నారనీ చెప్పింది.

"ఎవరు తల్లీ వచ్చింది? నా దగ్గరికి పంపు" అంది మామ్మ. "ఆ పేరు పక్కన ఆ పువ్వు ఇంకెవరు కొట్టించారో నేనూ చూస్తాను."

నీళ్ళ చప్పుడు, పిల్ల ఏడుపు. తర్వాత మామ్మే అంది, ఇక రోజూ పొద్దున్న దాంతోనే కాఫీ తాగుతానని.

ఆవిడ వెళ్ళాక అమ్మ గది గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడింది. ఇక వదిలెయ్యమంది. ఏమని అడుగుతాం అంది. అడిగితే కారణం చెప్పాలి. చెబితే ఆవిడ తిరగని ఇల్లు లేదు. నా గ్లాసు అత్తయ్య శుభ్రంగా తోమే ఇచ్చిందిగా అంది. చివరికి, "ముసలిది, దానికేముంది ఎటూ..." అని ఆగిపోయింది. ఆ సగం మాట నేను విన్నానని తనకీ తెలుసు. కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. మా అమ్మ అలాంటి మాట అనే మనిషి కాదు.

నాకు మిల్లు గుర్తొచ్చింది. ఇంజను తిరిగితే పెద్ద చక్రం, దాని బెల్టు మీదుగా పొడుగు షాఫ్టు, దాని బెల్టు మీదుగా చివరనున్న జల్లెడ తిరుగుతాయి. జల్లెడ దగ్గర నిలబడినవాడికి ఇంజను కనపడదు. నా దగ్గర మొదలుపెట్టి చూసుకున్నాను. నా మూతి, గ్లాసు, మామ్మ మూతి, మామ్మ ఊపిరి, ఆవిడ కాళ్ళమీద బోర్లా పడుకున్న పిల్ల. గ్లాసుతో ఆ జబ్బు అంతగా అంటదని తర్వాత తెలిసింది. అప్పుడు మాకు తెలిసిందల్లా గ్లాసు వేరుగా పెట్టాలనే. డాక్టరుగారు కనపడలేదన్నారు. లేవని అనలేదు. బెల్టు తియ్యాలంటే మామ్మకి చెప్పాలి. చెబితే అక్క కాపురం ఆవిడ నోటిలో ఉంటుంది.

మధ్యాహ్నం అందరూ భోజనాలు చేసి నడుం వాల్చాక బయల్దేరాను. కాలనీ కాలవగట్టు వెంట వెళ్ళాలి. మామూలు మనిషికి అది దూరమే కాదు. మొదట తూము దాకా వెళ్ళాలని పెట్టుకున్నాను, తర్వాత తుమ్మచెట్టు దాకా, తర్వాత కల్లం దాకా. ప్రతిచోటా కూర్చున్నాను. వరి కోసిన చేలల్లో మినుము మోకాలికి రాకుండా పచ్చగా ఉంది. ఉప్పెన గాలికి తలలు పోయిన తాడిచెట్లు అలాగే నిలబడి ఉన్నాయి. వాటిని కొట్టెయ్యడానికి ఇంకా ఎవరికీ చేతులు రాలేదు.

తుమ్మచెట్టు దగ్గర మా వీధి రైతు ఒకాయన సైకిలు దిగాడు. వరసకి ఏమీ కాడు, అయినా నేను ఆయన్ని మావయ్యా అనే పిలుస్తాను.

"ఏం అల్లుడూ, నిమ్ము దిగిందా? ఇంజినీరువి, లోపలే ఉండి పెళ్ళికూతురిలా తెల్లబడ్డావే" అన్నాడు.

కాస్త దిగిందన్నాను. క్యారేజీ ఎక్కు, దింపేస్తానన్నాడు. ఆయన వీపు వెనక కూర్చుని దగ్గాల్సి వస్తుందని భయపడి, డాక్టరుగారు నడవమన్నారని చెప్పాను. మంచిదే అని ఆయన వెళ్ళిపోయాడు. సైకిలు దూరమయ్యేదాకా చూస్తూ కూర్చున్నాను. ఎక్కి ఉంటే ఈపాటికి చేరేవాణ్ణి.

కాలనీలో ఇళ్ళు ఉప్పెన తర్వాత ఎవరో దాతలు కట్టించినవి. అన్నీ ఒకే కొలత, ఒకే సున్నం, ఒకే గుమ్మం. మామ్మ ఇంటిని ముందు గోలెంలో ఉన్న తులసిని బట్టి గుర్తుపట్టాలి. ఆవిడ అరుగు మీద చేటలో మినుములు చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపింది. ఏమీ అడక్కుండా లోపలికి వెళ్ళి నీళ్ళు తెచ్చింది. ఆ గ్లాసుతోనే తెచ్చింది.

"తాగు. పెదాలు చూడు ఎట్టా ఎండిపోయినయ్యో."

గ్లాసు తీసుకుని అరుగు మీద పెట్టాను. ఊపిరి సర్దుకునేదాకా ఆగాను. ఆవిడ కూడా ఆగింది.

"మామ్మా, దీంతో మీరు తాగుతున్నారా?"

"తాగక? పటం కట్టించుకుని దణ్ణం పెట్టుకోడానికా?"

"ఇది నా గ్లాసు మామ్మా. అంటే, నేను తాగుతున్నది. నాకు నిమ్ము కాదు. క్షయ."

ఆ మాట నా నోటితో నేను అనడం అదే మొదటిసారి. డాక్టరుగారు అన్నారు, కాగితం మీద ఇంగ్లీషులో ఉంది. నేను ఎప్పుడూ అనలేదు. అన్నాక పెద్దగా ఏమీ జరగలేదు. కాలనీలో ఎవరిదో కోడి అరుస్తోంది.

మామ్మ గబుక్కున కొంగుతో మూతి తుడుచుకుంది. ఒకసారి కాదు, గట్టిగా, రెండు మూడుసార్లు. తర్వాత అంది, "నీకు ఆ రోగమని నాకు తెలుసు. నిమ్ముకి ఇన్నాళ్ళు ఎవరన్నా సూదులు పొడుస్తారా బాబూ? మా ఆయనకీ అయ్యే సూదులు. పొడిపించుకున్న కాణ్ణించి మూతి తిమ్మిరంటం, చెవిలో ఈలంటం."

"మరి తెలిసీ..."

"గ్లాసు నీదని నాకేం తెలుసు?" గొంతు పెరిగింది. "ఊళ్ళో ఇంకో గ్లాసు దొరకలేదా మీ అమ్మకి? దగ్గులోడికి పెట్టటానికి నా కూతురి గ్లాసే దొరికిందా?"

"ఎవరిదీ కాదనుకుంది మామ్మా. చేలో దొరికింది. నాన్న అడిగాడు, ఎవరూ రాలేదు."

"పేరుందిగా దానిమీద. ఎవరిదీ కాకపోటం ఏంటి?"

ఆవిడ అటు తిరిగి కూర్చుంది. ఏడుస్తోందేమో తెలీదు. నేను లేచి వెళ్ళిపోవాల్సింది, కానీ కాళ్ళలో లేవడానికి కావలసినది లేదు. అందుకని కూర్చున్నాను. ఇప్పుడాలోచిస్తే, అక్కడ నేను చేసిన మంచిపని ఏదన్నా ఉంటే అది లేవలేకపోవడమే.

కొంతసేపయ్యాక గ్లాసుని ఉడకబెడదామన్నాను. కాంపౌండరు సిరంజీని ఉడకబెడతాడు, ఒకరికి పొడిచినది ఇంకొకరికి పొడుస్తాడు, ఎవరికీ ఏమీ కాదు. గ్లాసుకీ అంతేనన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు. నేను గ్లాసు పట్టుకుపోవడానికి వంక చెబుతున్నానని అనుకుని ఉంటుంది. చివరికి, ఇక్కడే, తన పొయ్యి మీదే, తన కళ్ళముందే అయితే సరేనంది.

ముందు చింతపండు, బూడిద పెట్టి తనే తోమింది. పాత సత్తుగిన్నెలో నీళ్ళు పోసి, గ్లాసు పూర్తిగా మునిగేలా నేను అడ్డంగా పడుకోబెట్టాను. కంపపుల్లలు అంటుకోగానే పొగ వచ్చింది. పొగ తగలగానే దగ్గు వచ్చింది, చాలా రోజుల తర్వాత అంత దగ్గు. రెండు చేతులతో రుమాలు మూతికి అదుముకుని బయటికొచ్చి గోడ పట్టుకుని నిలబడ్డాను. లోపల్నుంచి మామ్మ గొంతు, "అక్కడే ఉండు, నేను చూస్తా. ఎంతసేపు ఉడకాల?"

"అన్నం ఉడికినంతసేపు."

"ఏ బియ్యం? పాతబియ్యమా, కొత్తవా?"

"పాతబియ్యం మామ్మా."

నీళ్ళు మరిగి గ్లాసు గిన్నెకి తగులుతున్న చప్పుడు బయటికి వినపడింది. అది సిరంజీ చప్పుడు కంటే లావుగా ఉంది. ఆ చప్పుడు మీద మామ్మ మాట్లాడింది. నాతోనా, గ్లాసుతోనా చెప్పడం కష్టం. అవనిగడ్డ తిరనాళ్ళలో కొన్నదట. పేరు కొట్టేవాడు అక్షరానికి ఇంత అని అడిగితే, పువ్వు ఊరికే కొడితేనే పేరు కొట్టించుకుంటానని కూతురు భీష్మించుకుందట. వాడు నవ్వి కొట్టాడట. మామ్మకి చదవడం రాదు. కానీ వాడు కొట్టినంతసేపూ పక్కనే నిలబడింది కనక, ఆ చుక్కలు వేలితో తడిమితే తెలుస్తాయంది. కాఫీ తాగుతుంటే వేలికి తగిలాయంది.

ఉప్పెన నాడు పిల్ల ఏమైందో ఆవిడ చెప్పలేదు. మా వైపు అది ఎవరూ ఎవరికీ చెప్పుకునేవాళ్ళు కాదు.

ఉడికిన గ్లాసుని పుల్లతో పైకి తీసి అరుగు మీద బోర్లించింది. ఆరాక చేత్తో పట్టుకుని పువ్వు తడిమి చూసుకుంది. లోపలికి వెళ్ళి ఇంకో గ్లాసు తెచ్చి నాకిచ్చింది. తేలిక సత్తు గ్లాసు, ఉప్పెన తర్వాత పంచినవాటిలోది.

"నీకు గ్లాసు కావాలిగా. నాకు రెండిచ్చారు. దీనిమీద ఎవరి పేరూ లేదు, చూసుకో."

తీసుకున్నాను. మా మేనకోడలి సంగతి నేను అడగక ముందే ఆవిడే ఎత్తింది. కొన్నాళ్ళు నీళ్ళు పొయ్యడానికి రానంది. దగ్గేమన్నా వస్తుందేమో చూసుకుని అప్పుడు వస్తానంది. నడుం పట్టేసిందని మీ అమ్మకి చెప్పమంది. ఈలోగా అమ్మనే నీళ్ళు పొయ్యమంది, పిల్ల తల పట్టుకునేటప్పుడు జాగ్రత్త అని చెప్పమంది.

నేను లేస్తుంటే, "బాబూ" అని పిలిచింది. "నాకు తెలుసని మీ అమ్మకి చెప్పమాక. ఆ నిమ్ము అన్న మాటొకటి పట్టుకుని ఆవిడ నిలబడి ఉంది. అదీ లాగేస్తే ఎట్టా?"

తిరిగి వచ్చేటప్పుడు ఎక్కడెక్కడ కూర్చున్నానో గుర్తులేదు. అన్నిచోట్లా కూర్చుని ఉంటాను. ఇంటికి చేరేసరికి అమ్మ సావిడి ముందు నిలబడి ఉంది. చేతిలో గ్లాసు చూసి ఇదేంటంది. మామ్మ ఆ గ్లాసు ఇవ్వనందని, బదులుగా ఇది ఇచ్చిందని చెప్పాను.

"ఏమని అడిగావు?"

"నా గ్లాసు అన్నాను."

"ఎందుకని అడగలేదా?"

"అడగలేదు."

అందులో అబద్ధం లేదు. ఆవిడ నిజంగానే అడగలేదు. అమ్మ చాలాసేపు నా మొహం చూసింది. తర్వాత, ఉడకబెట్టుకోమనైనా చెప్పావా అని అడిగింది. చెప్పానన్నాను. నిమ్ముకైనా మంచిదే, ఉడకబెట్టుకోవడం అంది అమ్మ. గరిటె తగలకుండా సత్తు గ్లాసులో పాలు పోసింది. అవి చేతికి బాగా వేడిగా తగిలాయి. సత్తు కదా, వేడి ఆపదు.

మామ్మ రాని రోజుల్లో అమ్మే పిల్లకి నీళ్ళు పోసింది. పిల్ల అంతగా ఏడ్చేది కాదు. అమ్మకి గట్టిగా రుద్దడం చేతకాదని అక్క అత్తగారు సణిగింది. ఆవిడ ఇంకొన్నాళ్ళుండి, నిమ్ముకి వామాకు రసం మంచిదని నాకు చెప్పి, కోడలినీ మనవరాలినీ మూడోనెలలో పంపమని, బస్సెక్కి వెళ్ళిపోయింది.

నెల పోయాక మళ్ళీ బందరు వెళ్ళాను. మళ్ళీ కనపడలేదన్నారు. ఈసారి లేవనా అని అడగలేదు. మామ్మకి ఎవరు చెప్పారో తెలీదు, నేనైతే చెప్పలేదు. రెండు రోజుల తర్వాత పొద్దున్నే పెరట్లో పీట వేసిన చప్పుడైంది. దగ్గు రాలేదు, నడుం తగ్గిందని అమ్మతో అంటోంది. ఆ రెండు మాటలకీ పొంతన అమ్మ అడగలేదు.

కాంపౌండరు సిరంజీ పొయ్యి మీద టకటకమంటోంది. పిల్ల కేర్‌మంది. నేను మంచం దిగి తడికె దగ్గరికి వెళ్ళాను. స్నానమయ్యాక మామ్మ పిల్లని తువ్వాలులో చుట్టి లేచింది. ఎప్పుడూ తిన్నగా ఇంట్లోకి తీసుకెళ్ళేది, ఆ రోజు సావిడి వైపు తిరిగి నిలబడి, నా తడికెకి దూరంగానే, పిల్ల మొహం మీద తువ్వాలు పక్కకి తీసింది.

"చూసుకో నీ నిమ్ము మావయ్యని. అదుగో, తడిక వెనకాల దొంగలా నక్కాడు" అంది.

ఎర్రగా, ముడతలు ముడతలుగా, ఆముదం మెరుస్తున్న మొహం. కళ్ళు మూసుకుని ఉంది. ముక్కు మా నాన్నది. చూశాను. అమ్మ వంటింటి గుమ్మంలోంచి చూస్తూ ఉంది.

మామ్మ లోపలికి వెళ్ళిపోయింది. నేను అంతసేపు నిలబడగలిగానని అప్పుడు గమనించి, వచ్చి మంచం మీద కూర్చున్నాను. కాంపౌండరు సూది పట్టుకుని వస్తున్నాడు.